పాలు పెరిగితే చూలు నిలుస్తుందా?

"సార్, సూది వేసి పాలు పిండితే బర్రె మళ్ళీ చూలు కట్టదంటారు, నిజమేనా?"

తొమ్మిదో తరగతిలో వినాళ గ్రంథుల పాఠం చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. మా గోదావరిఖనిలో అది వింత కాదు. గని కాలనీల చుట్టూ ఒకటి రెండు బర్రెలను పెట్టుకొని పాలు పోసుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళు చాయ్ తాగే వేళకు పాలు గుమ్మంలో ఉండాలి. దూడ చచ్చిపోయి బర్రె చేపకపోతే కొందరు సూది వేస్తారు. మరికొందరు అమెరికాలో ఆవులకు వేసే "పాలు పెంచే హార్మోను" గురించి ఎక్కడో చదివి, మన వీధిలో వేసేది కూడా అదే అనుకుంటారు.

పుస్తకాల్లో గేదె అని రాస్తారు. మన వైపు బర్రె అంటాం. నేనూ బర్రె అనే రాస్తాను.

ఆ ప్రశ్నకు అవును అనో కాదు అనో ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కాని ఏ మాట చెప్పినా అందులో సగమే నిజం ఉంటుంది. ఎందుకో చూద్దాం.

రెండు సూదులు, రెండు హార్మోనులు

పాలు పితికే ముందు మన ఊళ్ళలో కొందరు వేసే సూదిలో ఉండేది ఆక్సిటోసిన్. ఇది మెదడులోని హైపోథలామస్‌లో తయారై, పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి రక్తంలోకి విడుదలవుతుంది. దూడ మూతితో పొదుగును కుమ్మగానే బర్రె చేపుతుంది కదా, ఆ చేపు ఆక్సిటోసిన్ పనే. పొదుగులో పాలు తయారయ్యే సన్నని తిత్తులు లక్షల్లో ఉంటాయి. ఒక్కొక్క తిత్తిని చుట్టుకొని కండరకణాలు ఉంటాయి. ఆక్సిటోసిన్ తగలగానే అవి బిగుసుకుంటాయి, తిత్తుల్లోని పాలు కిందికి దిగుతాయి. అంటే అప్పటికే తయారై ఉన్న పాలను అది దించుతుంది. కొత్తగా పాలను తయారు చేయించడం దాని పని కాదు.

ఆక్సిటోసిన్ చాలా చిన్న హార్మోను. తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసు, అంతే. విన్సెంట్ డు విగ్నో అనే అమెరికన్ శాస్త్రవేత్త 1953లో దీన్ని ప్రయోగశాలలో తయారు చేశాడు. 1955లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కాన్పు తర్వాత తల్లికి రక్తస్రావం ఆగడానికి ఆస్పత్రిలో ఇచ్చే మందు కూడా ఇదే. ఎందరో తల్లుల ప్రాణం నిలిపే మందును దొంగచాటుగా పశువుల పాకల్లో వాడుతున్నారంటే నాకు బాధగానే ఉంటుంది. రోజూ అలవాటు చేస్తే బర్రె సూది పడనిదే చేపదు. పశువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టంలోని 12వ సెక్షన్, పశువు ఆరోగ్యానికి హాని చేసే ఏ సూదినైనా పాల కోసం వేయడాన్ని నేరంగా చూస్తుంది.

ఆక్సిటోసిన్‌కూ ఎదకూ అసలు సంబంధం లేదా అంటే, ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్, హాన్సెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1959లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. పెయ్యలకు ఎద వచ్చిన తర్వాతి తొలి రోజుల్లో రోజూ ఆక్సిటోసిన్ ఇస్తే అవి 21 రోజులు ఆగకుండానే మళ్ళీ ఎదకు వచ్చాయి. అంటే ఎద లయ తప్పింది. అయితే పిల్లల ప్రశ్నలోని అసలు విషయం ఇది కాదు. పాల తయారీని నిజంగా పెంచే రెండో హార్మోను ఉంది. ఇక మనం మాట్లాడుకోవలసింది దాని గురించే.

దాని పేరు పెరుగుదల హార్మోను. శాస్త్రవేత్తలు సొమాటోట్రోపిన్ అంటారు. ఇది పీయూష గ్రంథి ముందు భాగంలో తయారవుతుంది. 191 అమైనో ఆమ్లాల పొడవైన గొలుసు. దూడ ఎదగడానికి ఇది కావాలి, సరే. ఎదగడం ఆగిపోయిన ఆవులో కూడా ఇది జీవితాంతం ఎందుకు తయారవుతుంది? తిన్న మేతను ఒంట్లో ఎక్కడికి పంపాలో చెప్పడం కూడా దీని పనే కాబట్టి.

గ్రంథుల నుంచి బాక్టీరియాకు

1937లో రష్యాలో ఆసిమోవ్, క్రౌజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కోతకు వెళ్ళిన పశువుల పీయూష గ్రంథులను నూరి, ఆ రసాన్ని వందలాది పాడి ఆవులకు ఎక్కించారు. పాలు పెరిగాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో పాలకు కరువు వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు ఇదే రసంతో దేశానికి పాలు పెంచగలమా అని లెక్క వేసి చూశారు. ఒక ఆవుకు సరిపోయే మందు కోసం ఎన్నో ఆవుల గ్రంథులు కావలసి వచ్చేటట్లుంది. అంత గ్రంథులు ఎక్కడి నుంచి తేవాలి? ఆలోచన అక్కడితో ఆగిపోయింది. ఆ రసంలో పాలను పెంచుతున్నది పెరుగుదల హార్మోనేనని యుద్ధం ముగిశాక ఎఫ్.జి. యంగ్ తేల్చాడు.

తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఈ విషయం పుస్తకాల్లోనే ఉండిపోయింది. 1970ల చివరలో జన్యువులను ఒక జీవి నుంచి మరొక జీవిలోకి మార్చే విద్య చేతికి వచ్చింది. ఆవులో పెరుగుదల హార్మోనును తయారు చేయించే జన్యువును ఇ. కోలై అనే బాక్టీరియాలో పెట్టారు. మన పేగుల్లో కోట్ల సంఖ్యలో ఉండే సూక్ష్మజీవే అది. బాక్టీరియా పెద్ద పెద్ద తొట్లలో పెరుగుతూ ఆవు హార్మోనును తయారు చేయడం మొదలుపెట్టింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేల్ బౌమన్ బృందం 1982లో దీన్ని ఆవుల మీద పరీక్షించింది. 1985లో ప్రకటించిన మరో ప్రయోగంలో, 188 రోజులు సూదులు తీసుకున్న ఆవుల పాలు మోతాదును బట్టి 23 నుంచి 41 శాతం దాకా పెరిగాయి. మామూలు రైతుల పాకల్లో అంత రాలేదు. అక్కడ పదో పదిహేనో శాతం.

1993 నవంబరులో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది. 1994లో మోన్‌శాంటో కంపెనీ పోసిలాక్ అనే పేరుతో మందు అమ్మకం మొదలుపెట్టింది. 500 మిల్లీగ్రాముల సూది 14 రోజులకు ఒకసారి వేయాలి. ఆవు ఈనిన తొమ్మిదో వారంలో మొదలుపెట్టి, వట్టిపోయే దాకా వేస్తూ పోవచ్చు. ఆ "తొమ్మిదో వారం" అనే మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

మీలో కొందరికి ఇప్పటికే ఒక అనుమానం వచ్చి ఉంటుంది. ఆ పాలు తాగితే మనకూ ఆ హార్మోను ఎక్కుతుందా? అది ప్రొటీను. అన్నంలో పప్పులా అది కూడా కడుపులో జీర్ణమైపోతుంది. అంతేకాదు, ఆవు పెరుగుదల హార్మోను మనిషి మీద పనిచేయదు. 1950లలో ఎదుగుదల లేని పిల్లలకు దాన్ని సూది ద్వారా ఇచ్చి చూశారు, ఫలితం కనిపించలేదు. తాళం వేరు, తాళంచెవి వేరు. గొడవ జరిగింది ఎక్కువగా ఆవు ఆరోగ్యం మీద.

పాయింట్స్‌మన్ బొగ్గు తవ్వడు

ఈ హార్మోను పాలను ఎట్లా పెంచుతుంది? బొగ్గు నేల మీద పుట్టినవాళ్ళకు చెప్పడం సులువు. సింగరేణి గనుల బొగ్గు రైళ్ళలో రామగుండం ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రానికి పోతుంది. వేరే పట్టాల మీద వేరే ఊళ్ళ ఫ్యాక్టరీలకూ పోతుంది. ఏ రైలు ఏ దారిన పోవాలో పాయింట్లు మార్చి పంపేవాడు పాయింట్స్‌మన్. అతడు ఒక్క పెళ్ళ బొగ్గు కూడా తవ్వడు. కాని పాయింటు అటు వేస్తే అటు, ఇటు వేస్తే ఇటు.

ఆవు ఒంట్లో బొగ్గు అంటే గడ్డి, దాణా, తవుడు, చెక్కల నుంచి వచ్చే శక్తి. పెరుగుదల హార్మోను పాయింటును పొదుగు వైపు వేస్తుంది. కొవ్వు కణాలకు "కొత్తగా దాచుకోవద్దు, ఉన్నది బయటికి తీయండి" అని చెబుతుంది. కండరాలు గ్లూకోజు వాడకం తగ్గించుకొంటాయి. ఆ గ్లూకోజు పొదుగుకు చేరి పాల చక్కెర అవుతుంది. కాలేయం ఈ హార్మోను మాట విని ఐ.జి.ఎఫ్.-1 అనే మరో హార్మోనును రక్తంలోకి వదులుతుంది. దాని వల్ల పొదుగులోని పాల కణాలు ఎక్కువ కాలం చురుగ్గా ఉంటాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. సూది వేసిన కొద్ది రోజులకే పాలు పెరుగుతాయి. ఆవు ఆకలి మాత్రం అంత తొందరగా పెరగదు. మేత ఎక్కువ తినడం మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ లోపల రైళ్ళు ఎక్కువ నడుస్తున్నాయి, గనిలో తవ్వకం మాత్రం అంతే ఉంది. లోటు ఎక్కడి నుంచి తీరాలి? స్టాక్ యార్డు నుంచి. ఆవు స్టాక్ యార్డు దాని ఒంట్లోని కొవ్వు. పక్కటెముకలు తేలడం, తోక మొదట్లో గుంటలు పడడం మీరు చూసే ఉంటారు. అది యార్డు ఖాళీ అవుతున్నదనడానికి గుర్తు.

అండాశయం ఎందుకు అలిగింది?

ఆవుకు, బర్రెకు ఎద సుమారు 21 రోజులకు ఒకసారి వస్తుంది. అండాశయంలో నీటి బుడగల్లాంటి పుటికలు పెరుగుతాయి. వాటిలో ఒకటి పెద్దదై పగిలి అండం విడుదలవుతుంది. అది పగలాలంటే పీయూష గ్రంథి నుంచి ఎల్.హెచ్. అనే హార్మోను రావాలి. ఆ హార్మోను ధారగా రాదు, గుండె కొట్టుకున్నట్టు విడతలు విడతలుగా వస్తుంది. ఒంట్లో శక్తికి లోటు ఉన్నప్పుడు మెదడు ఆ విడతలను తగ్గించేస్తుంది. ప్రకృతి దృష్టిలో అది సరైన పనే. తినడానికి లేని తల్లికి ఇంకో బిడ్డ భారం ఎందుకు?

రెండో కారణం వినడానికి వింతగా ఉంటుంది. పాలు ఎక్కువ ఇచ్చే ఆవు మేత ఎక్కువ తింటుంది. మేత ఎక్కువ తింటే కాలేయం గుండా రక్తం ఎక్కువగా పారుతుంది. ఎదకు, చూలుకు కావలసిన ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోనులను విరగ్గొట్టేది ఆ కాలేయమే. కాబట్టి అవి అండాశయంలో ఎప్పటిలా తయారైనా రక్తంలో నిలవవు. ఎద లక్షణాలు పలచబడతాయి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో చేసిన ఒక పరిశోధన 2004లో అచ్చయింది. రోజుకు సుమారు 40 కిలోలకు మించి పాలిచ్చే ఆవుల్లో ఎద సగటున 6 గంటలు మాత్రమే కనిపించింది. తక్కువ పాలిచ్చే ఆవుల్లో దాదాపు 11 గంటలు కనిపించింది. ఆరు గంటల ఎద రాత్రి పూట వచ్చి పోతే యజమానికి తెలియనే తెలియదు.

ఇప్పుడు ఆ తొమ్మిదో వారం సంగతి. ఈనిన తర్వాత మొదటి ఎనిమిది పది వారాలు ఏ పాడి ఆవుకైనా లోటు కాలమే. పాలు శిఖరానికి చేరతాయి, ఆకలి ఇంకా వెనుకబడి ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో సూది వద్దు, తొమ్మిదో వారంలో మొదలుపెట్టండి అన్నారు. మంచిదే. కాని ఆవును మళ్ళీ కట్టించడానికి ప్రయత్నించేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. లోటు తీరి అండాశయం మేలుకొనే సమయానికి సూది వచ్చి పాయింటును మళ్ళీ పొదుగు వైపు తిప్పుతుంది. పాల లెక్కకు బాగున్న తేదీ చూలు లెక్కకు చెడ్డ తేదీ అయింది. మందు పెట్టె మీది కాగితంలోనే, చూలు కట్టే ఆవుల సంఖ్య తగ్గవచ్చని, కట్టడం ఆలస్యం కావచ్చని, కవలలు పుట్టవచ్చని, పొదుగువాపు ముప్పు ఎక్కువని కంపెనీ రాయవలసి వచ్చింది. కవలలు పుడితే లాభమే కదా అనుకోకండి. ఆవుకు కోడెదూడ, పెయ్యదూడ కలిసి పుడితే ఆ పెయ్య చాలావరకు గొడ్డుది అవుతుంది.

కెనడా వేసిన లెక్క

కెనడా ప్రభుత్వం అనుమతి ఇచ్చే ముందు అక్కడి పశువైద్యులతో ఒక నిపుణుల సంఘం వేసింది. అప్పటిదాకా ఎక్కడెక్కడో జరిగిన ప్రయోగాలన్నిటినీ వాళ్ళు ఒకచోట చేర్చి లెక్క కట్టారు. పొదుగువాపు ముప్పు సుమారు 25 శాతం, కుంటితనం ముప్పు సుమారు 50 శాతం, చూలు కట్టకుండా మిగిలిపోయే ముప్పు సుమారు 40 శాతం పెరిగాయని తేలింది. 1999 జనవరిలో కెనడా ఈ మందుకు అనుమతి నిరాకరించింది. అదే ఏడాది చివర యూరప్ దేశాల కూటమి కూడా నిషేధించింది. కారణం తాగేవాళ్ళ ఆరోగ్యం కాదు, పశువు క్షేమం.

40 శాతం అనగానే నూటికి 40 ఆవులు గొడ్డుపోయాయని అనుకోకూడదు. పరీక్షల్లో కూడా చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఉదాహరణకు సూది వేయని మందలో నూటికి 20 ఆవులు కట్టకుండా మిగిలాయనుకుందాం. 20లో 40 శాతం 8. కాబట్టి సూది వేసిన మందలో 28 మిగులుతాయి. ఎనిమిది ఆవుల తేడా. చిన్నది కాదు, ప్రళయమూ కాదు.

ఆ లెక్కలోనే ఇంకో ముచ్చట ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. చూలు కట్టిన ఆవులను మాత్రమే తీసుకొని చూస్తే, సూది వేసినవాటికీ వేయనివాటికీ పెద్ద తేడా కనిపించలేదు. సగటున అయిదు రోజులు ఆలస్యం, అంతే. అంటే "కట్టిన ఆవులకు ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగితే మందు అమాయకంగా కనిపిస్తుంది. "అసలు ఎన్ని కట్టాయి?" అని అడిగితే దోషం బయటపడుతుంది. పాసైన పిల్లల మార్కులు మాత్రమే చూపించి మా బడి గొప్పది అని చెప్పుకున్నట్టు ఉంటుంది మొదటి లెక్క. ఫెయిలైనవాళ్ళు ఎందరో ఎవరు చెప్పాలి?

నాణేనికి రెండో వైపు

ఇక్కడితో ఆపితే కథ తేలికగా ముగిసేది. కాని శాస్త్రం మనల్ని అంత తేలికగా వదలదు.

ఐ.జి.ఎఫ్.-1 పొదుగుకే కాదు, అండాశయానికీ గర్భాశయానికీ కూడా చేరుతుంది. పెరుగుదల హార్మోను ఇచ్చినప్పుడు అండాశయంలో చిన్న పుటికల సంఖ్య పెరగడాన్ని 1990 ప్రాంతంలోనే బ్రిటన్ శాస్త్రవేత్తలు చూశారు. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో థాచర్ బృందం 2000 ప్రాంతంలో ఒక పద్ధతి పరీక్షించింది. ఎద కోసం కాపలా కాయకుండా, వేరే హార్మోనులతో అన్ని ఆవులనూ ఒకే సమయానికి సిద్ధం చేసి, నిర్ణయించిన గంటకు కృత్రిమ గర్భధారణ చేశారు. ఆ సమయంలోనే పెరుగుదల హార్మోను సూది కూడా వేశారు. పాలిస్తూ, ఎద చక్రం సరిగ్గా నడుస్తున్న ఆవుల్లో చూలు కట్టినవి తగ్గలేదు సరికదా, పెరిగాయి! పిండం త్వరగా ఎదిగి, "నేనున్నాను" అని తల్లికి కబురు పంపగలిగింది. పదహారు పదిహేడు రోజుల వయసులో పిండం ఆ కబురు పంపకపోతే తల్లి ఒళ్ళు చూలు లేదనుకొని మళ్ళీ ఎదకు సిద్ధమవుతుంది.

సరే, ఈ హార్మోను చూలుకు మంచిదే అనుకుందామా? అదే బృందం పాలివ్వని ఆవుల్లో కూడా పరీక్షించింది. అక్కడ ఫలితం తలకిందులైంది. సూది వేసిన ఆవుల్లో చూలు తగ్గింది. పాలిచ్చే ఆవు రక్తంలో ఐ.జి.ఎఫ్.-1 తక్కువగా ఉంటుంది, కొంచెం పెంచితే మేలు. పాలివ్వని ఆవులో అది ముందే నిండుగా ఉంది. ఇంకా పోస్తే అతి అయింది. ఉప్పు తక్కువైన పప్పులో చిటికెడు వేస్తే రుచి, సరిపోయిన పప్పులో వేస్తే పారబోయాలి.

2014లో మరికొన్ని ప్రయోగాలనూ కలుపుకొని మళ్ళీ ఒక పెద్ద లెక్క అచ్చయింది. సూది వేసిన ఆవుల్లో మొదటి రెండు ఎదల్లో కట్టినవి అయిదు శాతం పైన పెరిగాయి. ప్రయోగం మొత్తం కాలాన్ని తీసుకుంటే కట్టినవి దాదాపు అంతే తగ్గాయి. రెండూ ఒకే లెక్కలో ఉన్నాయి. హార్మోను తొలుత పిండానికి చేయందించింది, సూదులు నెలల తరబడి పడుతూ పోయే సరికి లాభం కాస్తా నష్టమైంది అని నేను దీన్ని అర్థం చేసుకుంటాను. కాబట్టి "చూలు చెడగొడుతుందా?" అని అడిగినవాళ్ళను మనం ఎదురు ప్రశ్నలు అడగాలి. ఏ పశువుకు? ఈనిన ఎన్నో వారంలో? ఎంత కాలం? దాని ఒంట్లో కొవ్వు ఎంత ఉంది? లెక్క ఏ తేదీన మూశారు?

మన బర్రె మాటేమిటి?

హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పాడి పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తలు మన బర్రెల మీద కూడా ఈ హార్మోనును పరీక్షించారు. ఆ ఫలితాలు 1989లో అచ్చయ్యాయి. బర్రెల పాలు కూడా పెరిగాయి. పాయింటు ఆవులో తిరిగినట్టే బర్రెలోనూ తిరుగుతుందన్నమాట. అయినా మన పాడి ఈ మందు మీద నడవడం లేదు. అమెరికాలో కూడా 2000 తర్వాత పాల వ్యాపారులు సూది పడని పాలు కావాలని అడగడంతో దీని వాడకం బాగా తగ్గిపోయింది. మోన్‌శాంటో 2008లో ఈ వ్యాపారాన్ని ఎలాంకో అనే కంపెనీకి అమ్మేసింది.

అయినా ఈ కథ మనకెందుకంటే, అమెరికా ఆవు సూదితో తెచ్చుకున్న లోటును మన బర్రె సూది లేకుండానే అనుభవిస్తున్నది. మొదటిది ఎండ. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. బర్రెది నల్లని తోలు, చెమట గ్రంథులు తక్కువ. అందుకే చెరువు కనిపిస్తే దిగి కూర్చుంటుంది. ఎండకు మేత తగ్గుతుంది, మేత తగ్గితే లోటు, లోటు పడితే అండాశయం అలక. పాలను తయారు చేసే పని కూడా ఒంట్లో వేడిని పుట్టిస్తుంది. కాబట్టి మన ఎండలో పాలు పెంచే సూది వేస్తే పొయ్యి మీద ఉన్న కుండ కింద ఇంకో కట్టె తోసినట్టే. రెండోది మూగ ఎద. ఆవు ఎదకు వస్తే అరిచి గోల చేస్తుంది, ఇంకో ఆవు మీదికి ఎక్కుతుంది. బర్రె అంత హడావిడి చేయదు. వేసవిలో అయితే మరీ గుట్టు. వచ్చినా రాత్రో తెల్లవారుజామునో వచ్చి పోతుంది. పగళ్ళు పొట్టివయ్యే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎదలు బాగా కనిపిస్తాయి.

వేల ఆవులున్న అమెరికా పాకలో ఎనిమిది ఆవులు కట్టకపోతే వాటిని అమ్మేసి వేరేవి తెచ్చుకుంటారు. ఒక్క బర్రె ఉన్న ఇంట్లో అది కట్టకపోతే నూటికి నూరు శాతం నష్టం. కాగితం తీసుకొని నాతో పాటు ఈ లెక్క చేయండి.

బర్రె చూడి కాలం సుమారు 310 రోజులు. మీ ఇంటి బర్రె ఫిబ్రవరి 1న ఈనిందనుకోండి. ఏప్రిల్ 15న ఎద పసిగట్టి కట్టించారు, నిలిచింది. మళ్ళీ ఈనేది మరుసటి ఏడాది ఫిబ్రవరి 19న. ఈతకూ ఈతకూ మధ్య 383 రోజులు. అదే బర్రె ఎదను వేసవి అంతా ఎవరూ గమనించలేదు, అక్టోబరు 1న గాని కట్టలేదు అనుకోండి. అప్పుడు ఈనేది మరుసటి ఏడాది ఆగస్టు 7న. మధ్య 552 రోజులు. తేడా 169 రోజులు. అంటే ఎనిమిది ఎదలు చేజారాయి. వట్టిపోయిన బర్రెకు రోజుకు వంద రూపాయల మేత అనుకున్నా దాదాపు పదిహేడు వేల రూపాయలు. మీ ఇంట్లో మేత ఖర్చు ఎంతో అమ్మనో నాన్ననో అడిగి, నా వంద తీసేసి ఆ అంకె వేయండి.

ఇంట్లో బర్రె ఉన్నవాళ్ళు ఒక పాత నోటుబుక్కు తీసి మొదటి పేజీలో ఈనిన తేదీ రాయండి. నెలన్నర దాటినప్పటి నుంచి తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు అయిదేసి నిమిషాలు బర్రె దగ్గర నిలబడండి. తీగలా సాగే జిగురు, మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు ఒక్కసారిగా తగ్గడం, మేత మీద ధ్యాస లేకపోవడం, వీటిలో ఏది కనిపించినా తేదీ వేయండి. అక్కడి నుంచి 21వ రోజును క్యాలెండరులో చుట్టి పెట్టండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి పొద్దున కృత్రిమ గర్భధారణ చేయించాలని పెద్దవాళ్ళకు చెప్పండి. నెలకు ఒకసారి పక్కటెముకలు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టి అదే పేజీలో రాయండి. సూది వేయించిన తర్వాత ఎద మళ్ళీ రాకపోయినా చూలు నిలిచిందని అనుకోకండి, అది మూగ ఎద కావచ్చు. రెండు మూడు నెలలకు పశువుల ఆస్పత్రికి తోలుకుపోయి పరీక్ష చేయించాలి. పోయేటప్పుడు ఆ నోటుబుక్కు చంకలో పెట్టుకొని పొండి. డాక్టరు గారు మొదట అడిగేది అందులోని తేదీలే.